ఒకే ఊరు, ఒకే ధర, వేర్వేరు బిల్లులు: టెక్సస్‌లో ఇంటి పన్ను ఇంతలా ఎందుకు మారుతుంది?

2025 నవంబరు 4న టెక్సస్ ఓటర్లు సొంతింట్లో ఉండేవాళ్లకు స్కూల్ ట్యాక్స్ లెక్కలో ఇంటి విలువలోంచి తీసేసే మినహాయింపును లక్ష డాలర్ల నుంచి లక్షా 40 వేలకు పెంచారు. ఆ ఏడాది బిల్లులకే అది వర్తించింది. అయినా డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందిది ఒకటే ప్రశ్న: "మినహాయింపు పెరిగిందన్నారు, మరి నా బిల్లు ఎందుకు తగ్గలేదు?" దాని వెనకే ఇంకోటి: "మా ఫ్రెండ్ ఇల్లు మా ఇంటికన్నా ఖరీదు, మరి వాళ్ల ట్యాక్స్ మాకన్నా తక్కువేంటి?"

రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిది చాలావరకు విడిపోతుంది. అందుకే అక్కడినుంచే మొదలుపెడదాం.

రాష్ట్రానికి రేటు అంటూ ఒకటి లేదు

"టెక్సస్‌లో ప్రాపర్టీ ట్యాక్స్ ఎంత?" అని గూగుల్‌లో అడిగితే ఒక శాతం చూపిస్తుంది. అది సగటు మాత్రమే. ఆ రేటుతో బిల్లు వేసే ఆఫీసు రాష్ట్రంలో ఎక్కడా లేదు. టెక్సస్ రాష్ట్ర ప్రభుత్వం ఇళ్లమీద పన్ను వేయకూడదని రాజ్యాంగమే చెబుతుంది. పన్ను వేసేవన్నీ స్థానిక సంస్థలే.

ఇంకోపక్క టెక్సస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. ఇకముందు కూడా వేయకుండా 2019లో ఓటర్లు రాజ్యాంగ సవరణ చేసి తలుపు వేసేశారు. కాలిఫోర్నియా నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చినవాళ్లకు మొదట్లో నచ్చేది ఇదే. కానీ బడులు, రోడ్లు, పోలీసులు, కొన్నిచోట్ల ఆస్పత్రులు కూడా నడవాలి కదా. ఆ భారంలో పెద్ద భాగం ఇంటి మీదకు వస్తుంది.

మన దగ్గర ఇంటి పన్నుతో పోలిస్తే ఇక్కడే అసలు తేడా. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. నివాస భవనాలకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య ఎంతనేది ఆయా పురపాలక సంఘం నిర్ణయిస్తుంది. హైదరాబాద్‌లో ఇప్పటికీ అద్దె విలువే ఆధారం. పద్ధతులు వేరైనా రెండుచోట్లా బిల్లు పంపేది ఒకే సంస్థ. హైదరాబాద్ బిల్లులో పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు విడిగా కనిపిస్తుంది చూడండి, టెక్సస్ బిల్లులో అలా విడివిడిగా వచ్చే వరుసలు నాలుగైదు ఉంటాయి. ఒక్కో వరుస వెనక ఒక్కో సంస్థ, దానికో పాలకవర్గం, దానికో బడ్జెట్, దానికో రేటు.

బిల్లులోని వరుసలు ఎవరివి?

రేటును ఇంటి విలువలో ప్రతి వంద డాలర్లకు ఇంత అని చెబుతారు. 0.42 అంటే వందకు 42 సెంట్లు, అంటే 0.42 శాతం.

అన్నిటికన్నా బరువైన వరుస ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. అందరూ ఐఎస్‌డీ అంటారు. చాలా ఇళ్లకు మొత్తం బిల్లులో దాదాపు సగం దానిదే, వందకు డాలరుకు అటూఇటూగా. అందులోనూ రెండు భాగాలు. టీచర్ల జీతాలు, రోజువారీ నిర్వహణకు ఒకటి. కొత్త బడులు, స్టేడియాలు కట్టడానికి తెచ్చిన బాండ్ల అప్పు తీర్చడానికి ఇంకోటి. మే, నవంబరు ఎన్నికల్లో బాండ్ల మీద ఓటింగ్ జరిగేది ఈ రెండో భాగం గురించే. పౌరసత్వం లేనివాళ్లకు ఆ ఓటు లేదు, బిల్లు మాత్రం ఉంది.

ఆ తర్వాత సిటీ, కౌంటీ (మన జిల్లా లాంటిది), కమ్యూనిటీ కాలేజ్ వస్తాయి. కొన్ని కౌంటీల్లో ప్రభుత్వ ఆస్పత్రికి కూడా ఒక వరుస. డాలస్ కౌంటీ, కాలిన్ కౌంటీ పక్కపక్కనే ఉన్నా ఈ చివరి దగ్గరే బాగా తేడా వస్తుంది. 2024 రేట్లు చూస్తే డాలస్ కౌంటీకి సుమారు 21.5 సెంట్లు, పార్క్‌లాండ్ ఆస్పత్రికి 21 పైచిలుకు, డాలస్ కాలేజీకి పదిన్నర. మూడూ కలిపి 53 సెంట్ల పైమాట. కాలిన్ కౌంటీలో కౌంటీకి సుమారు 15, కాలేజీకి 8, కలిపి 23. అక్కడ ఆస్పత్రి డిస్ట్రిక్ట్ లేదు. సిటీనీ స్కూలునూ పక్కన పెడితేనే వందకు 30 సెంట్ల తేడా. 5 లక్షల డాలర్ల ఇంటికి మినహాయింపులు లెక్కలోకి తీసుకోకపోతే అది ఏడాదికి 1,500 డాలర్లు. అయితే ఇన్సూరెన్స్ లేని రోగిని కూడా చేర్చుకునే పెద్ద ఆస్పత్రి డాలస్ కౌంటీకి ఉంది. తక్కువ రేటు అంటే కొన్నిసార్లు ఆ సేవ లేకపోవడం కూడా.

ఇక ఫ్రిస్కో సంగతి మరీ తమాషా. ఈ ఒక్క ఊరు రెండు కౌంటీల్లో ఉంది, కొంత కాలిన్‌లో, కొంత డెంటన్‌లో. సిటీ అదే, ఐఎస్‌డీ అదే అనుకుందాం. డెంటన్ కౌంటీ రేటు 2024లో సుమారు 18.8 సెంట్లు. కాలిన్‌ది 15 లోపే. కాబట్టి కాలిన్ వైపు చవక అనుకుంటాం. కానీ కాలిన్ వైపు ఇంటికి కాలేజీ వరుస 8 సెంట్లు అదనం, డెంటన్ వైపు ఆ వరుసే ఉండదు. రేట్ల వరకే చూస్తే డెంటన్ వైపే 4 సెంట్లు తక్కువ పడుతుంది. కౌంటీ రేటు ఒక్కటే చూసి ఇల్లు వెతికేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు.

పిన్‌కోడ్ చూసి చెప్పేద్దామన్నా కుదరదు. స్కూల్ డిస్ట్రిక్టుల హద్దులు సిటీ హద్దులతో కలవవు. అర్వింగ్ ఒకటే ఊరు, కానీ అందులో కొన్ని ఇళ్లు అర్వింగ్ ఐఎస్‌డీ కిందకు, కొన్ని కపెల్ ఐఎస్‌డీ కిందకు, కొన్ని క్యారల్‌టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ కిందకు వస్తాయి. బిల్లులోని అతి పెద్ద వరుస ఈ గీతలను బట్టే మారిపోతుంది.

రేటు తక్కువున్న ఊరు పొదుపరి ఊరేనా?

డాలస్ నగరం మధ్యలో హైలాండ్ పార్క్ అని ఒక చిన్న పట్టణం ఉంది. డాలస్ సిటీ రేటు వందకు సుమారు 70 సెంట్లు. హైలాండ్ పార్క్ పట్టణానిది పాతిక లోపే. అక్కడి పాలకులు పిసినారులనో, డాలస్ పాలకులు దుబారా మనుషులనో దీన్నిబట్టి తేల్చేయలేం. హైలాండ్ పార్క్‌లో ఇళ్ల విలువ లక్షల్లో కాదు, చాలావాటికి మిలియన్లలో ఉంటుంది. విలువ అంత ఉన్నప్పుడు చిన్న రేటుకే బోలెడు డబ్బు వస్తుంది. డాలస్‌లో లక్షల మంది జనం, పాత పైపులు, పాత రోడ్లు, పోలీసు పెన్షన్లు.

రేటు అనేది భాగహారం. పైన ఊరికి కావాల్సిన డబ్బు, కింద ఊళ్లోని ఆస్తుల మొత్తం విలువ. కింద సంఖ్య పెద్దదైతే రేటు చిన్నదవుతుంది. ప్లేనోలో టొయోటా ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం, బ్యాంకుల క్యాంపస్‌లు, ఆఫీసు టవర్లు ఉన్నాయి. వాటి ఆస్తి విలువ పన్నులోకి వస్తుంది, కానీ అవి బడికి పిల్లల్ని పంపవు. ఇళ్లు తప్ప వేరే ఏమీ లేని కొత్త ఊరికి ఆ సౌకర్యం లేదు. జనం పెరిగే కొద్దీ ఫైర్ స్టేషన్, పార్కు, రోడ్డు అన్నీ కావాలి, ఖర్చంతా ఇళ్ల మీదే. అందుకే ప్రతి కొత్త ఊరూ పెద్ద కంపెనీని రప్పించడానికి అంత తాపత్రయపడుతుంది.

సిటీ ట్యాక్స్ లేదంటే సంబరపడాలా?

బిల్డర్ల ప్రకటనల్లో "సిటీ ట్యాక్స్ లేదు" అనే మాట కనిపిస్తుంటుంది. నిజమే, ఆ కాలనీ ఏ సిటీ హద్దులోనూ ఉండదు. కానీ నీళ్లు, డ్రైనేజీ, వాననీటి కాలవలు ఎవరో ఒకరు వేయాలిగా. దానికోసం చట్టప్రకారం ఒక ప్రత్యేక సంస్థ పెడతారు. పేరు మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, అందరి నోటా మడ్. ముందు డెవలపర్ తన డబ్బుతో పైపులు వేయిస్తాడు. తర్వాత మడ్ బాండ్లు అమ్మి ఆ డబ్బు అతనికి తిరిగిస్తుంది. ఆ బాండ్ల అప్పు పాతిక, ముప్పై ఏళ్లపాటు తీర్చేది అక్కడ ఇళ్లు కొన్నవాళ్లు. హ్యూస్టన్ వైపు కేటీ, సైప్రెస్‌లలో ఇవి కోకొల్లలు. డాలస్‌కు ఉత్తరాన డెంటన్ కౌంటీలోని కొత్త కాలనీల్లోనూ ఎక్కువే.

కొత్త మడ్ రేటు వందకు డాలరు దాకా కూడా ఉండొచ్చు. ఒక లెక్క వేసి చూద్దాం. రేట్లు నిజమైనవాటికి దగ్గరగా తీసుకున్న గుండు సంఖ్యలు. సిటీ, కౌంటీలు ఇచ్చే చిన్న మినహాయింపులు వదిలేశాను.

మొదటి ఇల్లు సిటీలో ఉంది, విలువ 5,00,000 డాలర్లు. స్కూల్ ట్యాక్స్‌కు లక్షా 40 వేల మినహాయింపు పోగా 3,60,000 మీద 1.03 చొప్పున 3,708. సిటీకి 0.42 చొప్పున 2,100. కౌంటీకి 0.15 చొప్పున 750. కాలేజీకి 0.08 చొప్పున 400. మొత్తం 6,958 డాలర్లు.

రెండో ఇల్లు మడ్‌లో ఉంది, విలువ 4,00,000. స్కూలుకు మినహాయింపు పోగా 2,60,000 మీద 1.20 చొప్పున 3,120. కౌంటీకి 0.19 చొప్పున 760. మడ్‌కు 0.90 చొప్పున 3,600. ఫైరింజన్, అంబులెన్సుల కోసం ఉండే ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్‌కు 0.08 చొప్పున 320. మొత్తం 7,800 డాలర్లు.

లక్ష డాలర్లు తక్కువ పెట్టి కొన్న ఇంటికి ఏడాదికి 842 డాలర్లు ఎక్కువ ట్యాక్స్. మొదట్లో అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఈ రెండు పేరాల్లోనే ఉంది.

మడ్‌ను పూర్తిగా తిట్టిపోయడం కూడా న్యాయం కాదు. డెవలపర్ ఆ పైపుల ఖర్చును ఇంటి ధరలోనే కలిపి ఉంటే, అదే ఇల్లు ఇంకా ఖరీదై లోన్‌కు అందకుండా పోయేది. పైగా ఇళ్లు పెరిగే కొద్దీ అప్పు ఎక్కువమంది మీద పడి, సాధారణంగా రేటు ఏడాదికి కొంత దిగుతూ వస్తుంది. కాకపోతే ఇంకా కొత్త ఫేజ్‌లకు బాండ్లు అమ్ముతూ పోతే ఆ దిగడం నత్తనడకే. విమర్శించేవాళ్లు చెప్పేదీ అదే: అప్పుకు ఒప్పుకునేది మొదట్లో ఉన్న పిడికెడు మంది, తీర్చేది తర్వాత వచ్చే వేలమంది.

రేటు తగ్గింది, బిల్లు పెరిగింది

ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో సిటీ కౌన్సిళ్లు "రేటు తగ్గించాం" అని ప్రకటిస్తాయి. ఆ మాట నిజమే కావచ్చు. 4,00,000 ఇంటికి 0.45 రేటు చొప్పున నిరుడు 1,800 డాలర్లు. ఈ ఏడు విలువ 4,40,000 అయ్యి రేటు 0.42కు తగ్గితే 1,848. రేటు దిగింది, మీ జేబులోంచి మాత్రం 48 డాలర్లు ఎక్కువ పోయాయి.

దీనికి కళ్లెం వేయాలని 2019లో చట్టం చేశారు. సిటీలు, కౌంటీలు చాలావరకు, కొత్త కట్టడాలను పక్కనపెట్టి, నిర్వహణ కోసం వసూలు చేసే మొత్తాన్ని ఏడాదిలో 3.5 శాతం మించి పెంచాలంటే ఓటర్ల దగ్గరకు వెళ్లాలి. అంతకుముందు ఆ హద్దు 8 శాతం. అయితే ఇది ఊరి మొత్తం వసూళ్ల మీద హద్దు, మీ ఒక్క ఇంటి మీద కాదు. ఊళ్లో మిగతా ఇళ్లకన్నా మీ ఇంటి విలువ ఎక్కువ పెరిగితే మీ వాటా పెరుగుతుంది.

విలువ కట్టేది సిటీ కాదు, కౌంటీకొకటి ఉండే అప్రైజల్ డిస్ట్రిక్ట్. జనవరి 1 నాటి మార్కెట్ విలువ చూస్తుంది. టెక్సస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడుపోయిందో ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు. కాబట్టి ఆ విలువలో కొంత అంచనా తప్పదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నోటీసు రాగానే "ప్రొటెస్ట్ చేశావా?", అంటే విలువ ఎక్కువ కట్టారని అభ్యంతరం పెట్టావా, అని పలకరింపు మొదలవుతుంది. మామూలుగా గడువు మే 15.

ఇక్కడే పక్కపక్క ఇళ్ల తేడా కూడా పుడుతుంది. సొంతిల్లు హోమ్‌స్టెడ్‌గా, అంటే యజమాని స్వయంగా ఉండే ఇల్లుగా నమోదై ఉంటే, పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదు. 4 లక్షల ఇంటి మార్కెట్ విలువ ఒక్కసారిగా 5,60,000కు ఎగబాకిందనుకోండి. పాత యజమానికి 4,40,000 మీదే పన్ను. అదే నమూనా ఇల్లు పక్కనే కొత్తగా కొన్నవాళ్లకు ఆ రక్షణ అమ్మకంతో పోయి, 5,60,000 మీద లెక్క మొదలవుతుంది. మొత్తం రేటు 1.68 అయితే రెండిళ్ల మధ్య ఏడాదికి 2,016 డాలర్ల తేడా. ఒకే వీధి, ఒకే రేటు, ఒకే ప్లాన్. చాలాకాలంగా ఉన్నవాళ్లను ఇల్లు వదిలేలా చేయకూడదన్నది ఈ పరిమితి వెనక ఆలోచన. కొత్తగా వచ్చేవాళ్ల మీదకు భారం మళ్లుతుందన్నది దానిమీద ఫిర్యాదు. రెండూ నిజమే. అద్దెకిచ్చిన ఇళ్లకు ఈ 10 శాతం వర్తించదు.

హోమ్‌స్టెడ్ దరఖాస్తుకు పౌరసత్వం అడగరు. ఆ ఇంట్లోనే ఉంటున్నట్టు, అదే చిరునామాతో టెక్సస్ లైసెన్సో ఐడీనో ఉంటే చాలు. వీసా మీద ఉన్నాం కదా, మనకు రాదులే అనుకుని కొందరు వదిలేసుకుంటున్నారు.

కొత్త ఇల్లు, రెండో ఏడాది షాక్

కొత్తగా కట్టిన ఇల్లు కొన్నవాళ్ల టెన్షన్ వేరు. జనవరి 1న అక్కడ ఖాళీ స్థలమే ఉంటే ఆ ఏడాది పన్ను స్థలం మీదే. 4,80,000 పెట్టి కొన్న ఇంటికి ఆరోజు నాటికి స్థలం విలువ లక్ష, మొత్తం రేటు 2 శాతం అనుకుంటే తొలి బిల్లు 2,000. దాన్ని చూసి బ్యాంకు ఎస్క్రోకు, అంటే పన్ను కట్టడానికి లోన్ వాయిదాతో పాటు నెలనెలా వసూలు చేసే ఖాతాకు, నెలకు 167 డాలర్లు పెట్టిందనుకుందాం.

మరుసటి ఏడు ఇంటి పూర్తి విలువ మీద బిల్లు: 9,600. స్కూల్ రేటు 1.20 అయితే మినహాయింపు వల్ల 1,680 తగ్గి 7,920. బ్యాంకు వసూలు చేసింది 2,000, కట్టింది 7,920. లోటు 5,920. దాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 493, ముందు ఏడాదికి కావాల్సింది నెలకు 660, కలిపి 1,153. నిన్నటిదాకా 167 కట్టిన చోట ఇది. ఎవరూ రేటు పెంచలేదు, ఎవరూ మోసమూ చేయలేదు, కానీ ఇంటి బడ్జెట్ తలకిందులవుతుంది. "మినహాయింపు పెంచినా నా పేమెంట్ పెరిగింది" అనే మాటల్లో కొన్నిటి అసలు కథ ఇదే. కొంతమంది లెండర్లు మొదటినుంచీ పూర్తి విలువ మీదే ఎస్క్రో లెక్కిస్తారు. వాళ్ల కస్టమర్లు మొదటి ఏడాది ఎక్కువ కడుతున్నామని గొణుక్కుంటారు, రెండో ఏడాది ప్రశాంతంగా ఉంటారు.

మినహాయింపు పెంచాలా, రేటు తగ్గించాలా?

పన్ను తగ్గించాలన్న విషయంలో టెక్సస్ నాయకుల మధ్య గొడవ లేదు. 2023లో సుమారు 1,800 కోట్ల డాలర్ల ప్యాకేజీ తెచ్చారు. గొడవంతా ఎలా తగ్గించాలన్నదాని మీదే.

హోమ్‌స్టెడ్ మినహాయింపు 2015లో 25 వేలు, 2022లో 40 వేలు, 2023లో లక్ష, ఇప్పుడు లక్షా 40 వేలు. 65 ఏళ్లు దాటిన యజమానులకు మరో 60 వేలు. స్కూల్ రేటు 1.03 అయితే లక్షా 40 వేలకు 1,442 డాలర్లు మిగులుతుంది. ఇల్లు రెండున్నర లక్షలదైనా, 5 లక్షలదైనా అంతే. కానీ చిన్న ఇంటికి అది స్కూల్ ట్యాక్స్‌లో సగానికి పైగా, పెద్ద ఇంటికి పావు పైచిలుకు. చవక ఇళ్లవాళ్లకు ఎక్కువ ఊరట అన్నది దీన్ని సమర్థించేవాళ్ల వాదన.

రెండో దారి, రాష్ట్రం డబ్బిచ్చి స్కూల్ రేటునే దించడం. మినహాయింపును పక్కనపెట్టి చూస్తే, 10 సెంట్లు దించితే 5 లక్షల ఇంటికి 500, రెండున్నర లక్షల ఇంటికి 250 తగ్గుతుంది. అపార్ట్‌మెంట్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలకు కూడా లాభమే. అద్దెకుండేవాళ్లు కూడా అద్దె రూపంలో ఈ పన్ను మోస్తున్నారు కదా, మినహాయింపుతో వాళ్లకేం ఒరిగింది అని ఈ పక్షం అడుగుతుంది. ఓనర్‌కు తగ్గిన పన్ను అద్దెలో తగ్గుతుందన్న హామీ ఏంటని ఆ పక్షం తిరిగి అడుగుతుంది. ఇన్నాళ్లూ శాసనసభ రెండూ కొంచెం కొంచెం కలిపే చేస్తూ వచ్చింది.

ఇందులో ఇంకో చిక్కు, రాబిన్‌హుడ్ అని అందరూ పిలిచే పద్ధతి. ధనిక, పేద స్కూల్ డిస్ట్రిక్టుల మధ్య తేడా రాజ్యాంగానికి విరుద్ధమని 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు దరిమిలా 1993లో వచ్చిన చట్టం ప్రకారం, ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు తమ వసూళ్లలో కొంత రాష్ట్రానికి తిరిగివ్వాలి. ఆస్టిన్, ప్లేనో ఐఎస్‌డీలు ఏళ్లుగా అలా ఇస్తున్నాయి. అక్కడి ఇంటాయన కట్టిన స్కూల్ ట్యాక్స్ మొత్తం తన ఊరి బడికే పోతుందనుకుంటే పొరపాటే. అది లేకపోతే ఆస్తి విలువ తక్కువున్న మారుమూల డిస్ట్రిక్టు అదే చదువు చెప్పడానికి ఇంకా ఎక్కువ రేటు వేయాల్సి వచ్చేది.

సొంతిళ్లకు స్కూల్ ట్యాక్స్ మొత్తం ఎత్తేద్దామని గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ 2025 చివర్లో తన ఎన్నికల ప్రచారంలో ప్రతిపాదించారు. రాష్ట్ర ఖజానాలో మిగులున్నప్పుడే చేయాలని సమర్థకులు అంటారు. మిగులు ఏటా ఉండదు, అది కరిగాక ఆ లోటును 8.25 శాతం దాకా ఉన్న సేల్స్ ట్యాక్స్ ఇంకా పెంచి పూడ్చాలా అని వ్యతిరేకులు అంటారు. ఇది ఎటు తేలినా, పోయేది ఒక వరుస మాత్రమే. పైన వేసిన లెక్కలో స్కూల్ వరుస కొట్టేస్తే సిటీలోని 5 లక్షల ఇంటికి ఇంకా 3,250 డాలర్ల బిల్లు ఉంటుంది, మడ్‌లోని 4 లక్షల ఇంటికి 4,680. ఇప్పుడు 842 ఉన్న తేడా అప్పుడు 1,430 అవుతుంది.